పెద్దవాళ్ల మాడు మీద పుండ్లకి ఆన్‌లైన్ నూనె కొనేముందు ఇది చదవండి

"మాడు మీద పుండ్లు, పక్కులు, చీము పొక్కులు ఏవైనా సరే పోతాయి" అని ఆన్‌లైన్‌లో అమ్మే ఒక నూనె మా నాన్నగారి కోసం తెప్పించాం. దయచేసి ఇలాంటివి కొనకండి. సీసా మీద అందులో ఏం కలిపారో ఒక్క ముక్క కూడా లేదు. రాయగానే మంట. కొద్ది రోజులకే పక్కులు అట్టకట్టి, కింద నుంచి రసి కారడం మొదలైంది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "లోపలి విషం బయటికి వస్తోంది, మందు పనిచేస్తున్నట్టే, ఆపకండి" అన్నారు. పెద్దాయన దిండు మీద తల ఆనించలేక అవస్థ పడుతుంటే చెప్పాల్సిన మాటేనా ఇది? డబ్బు వెనక్కి అడిగితే సీల్ తీశారు కాబట్టి కుదరదన్నారు.

చర్మ డాక్టరు చూసి బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి చేసే పరీక్ష) చేయించారు. ఎరోసివ్ పస్ట్యులర్ డెర్మటోసిస్ అని తేలింది. అరుదైన జబ్బు. జుట్టు ఊడి, ఏళ్ల తరబడి ఎండకి పలచబడిన మాడు మీద ఎక్కువగా పెద్ద వయసులో వస్తుంది. అక్కడ దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా, క్రయోథెరపీ (అతి చల్లదనంతో చర్మం మీది మచ్చల్ని గడ్డకట్టించి తీసే చికిత్స) చేసినా, కొన్ని ఘాటైన క్రీములు వాడినా మొదలవ్వచ్చు. చీము కనబడుతుంది కానీ దీనికి మూలం ఇన్ఫెక్షన్ (క్రిములు సోకడం) కాదు, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లోంచే పుట్టే వాపు, మంట). అందుకే యాంటీబయాటిక్స్‌తోనో, ఫంగస్ షాంపూలతోనో తగ్గదు. అలాంటి పుండు మీద మంటపుట్టే నూనె రుద్దితే ఏమవుతుందో మేం కళ్లారా చూశాం.

పక్కుల్ని గోళ్లతో గీకకూడదు, నానబెట్టి మెల్లగా తీయాలి. ఆ తర్వాత సాధారణంగా క్లోబెటాసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ పూయిస్తారు. అది ఎక్కువకాలం వాడితే చర్మం ఇంకా పలచబడుతుంది కాబట్టి, కొందరికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్‌కి మారుస్తారు. మందు ఆపాక తిరగబెట్టే జబ్బు ఇది, అందుకే తగ్గినా చెకప్‌లు మానకూడదు. ఈ పేర్లు చదివి మందుల షాపులో సొంతంగా మాత్రం కొనకండి.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంకొకటి. చర్మ క్యాన్సర్ కూడా అచ్చం ఇలాగే మానని పుండులా కనబడుతుంది. రెండింటినీ కంటితో చూసి విడదీయడం కష్టం, బయాప్సీ కావాల్సిందే. నూనె రాస్తూ గడిపే ప్రతి వారం ఆ పరీక్షని వెనక్కి నెడుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి మాడు మీద పుండు వారాలు గడిచినా మానకపోతే చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇలాంటి నూనె ఇప్పటికే వాడుతుంటే ఆపేసి, సీసా పారేయకుండా వెంట తీసుకెళ్లి చూపించండి.