సేల్‌లో హైబ్రిడ్ సాంప్లర్ కొంటున్నారా? నా పదివేలు ఎలా పోయాయో చదివి కొనండి

ముందే చెప్పేస్తాను. హైబ్రిడ్ సాంప్లర్ అంటే అసలు వాయిద్యాల రికార్డింగుల్ని, కంప్యూటర్‌లో పుట్టించే శబ్దాన్ని కలిపి కీబోర్డు మీద వాయించుకునే సాఫ్ట్‌వేర్. మీ కంప్యూటర్‌లో వేసుకుని మీ వేళ్లతో వాయించి చూసే ట్రయల్ లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ వాయిద్యానికీ డబ్బు కట్టకండి. ధర మూడో వంతుకు తగ్గించినా, గడియారం పెట్టి ఇంకా మూడు గంటలే అని భయపెట్టినా సరే. నేను కట్టేశాను.

కంపెనీ పేరు రాయడం లేదు. పేరు రాసి లీగల్ గొడవ నెత్తిన పెట్టుకునే ఓపిక నాకు లేదు. అయినా ఇలాంటి సరుకు ఆ ఒక్కరే అమ్మడం లేదు. ఎలా పట్టుకోవాలో తెలిస్తే పేరుతో పని లేదు.

నాది చిన్న స్టూడియో. ఇంట్లో వెనక గదికి పాత పరుపులు, దుప్పట్లు కట్టి స్టూడియో అని పిలుచుకుంటున్నాను. భక్తి పాటలు, పెళ్లి వీడియోల పాటలు, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్మ్‌కి బీజీఎం. కార్తీకం వస్తే అయ్యప్ప భజనల సీజన్. 2024లో ఒక గురుస్వామి నాలుగు పాటల ఆల్బం చేతిలో పెట్టారు. అన్నిటికీ మొదట్లో వేణువు ఆలాపన ఉండాలన్నారు. బడ్జెట్ అంతంతమాత్రం. సరిగ్గా అప్పుడే నవంబర్ 29, బ్లాక్ ఫ్రైడే. 299 డాలర్ల హైబ్రిడ్ వాయిద్యం 99 డాలర్లకే అని మెయిల్ వచ్చింది. భారతీయ వాయిద్యాల సాంపిళ్లు (చిన్న చిన్న అసలు రికార్డింగులు), వాటి మీద పూర్తి సింథ్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోనే పుట్టించే) ఇంజిన్, 38 జీబీ లైబ్రరీ. డెమో పాట విన్నాను. వేణువు అద్భుతంగా ఉంది. ఆ వేణువు చుట్టూ ఎంత రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) పోశారో అప్పుడు పట్టించుకోలేదు.

99 డాలర్లంటే ఎనిమిది వేల చిల్లర అనుకున్నాను. బిల్లులో 18 శాతం జీఎస్టీ కలిసింది. ఆ పైన కార్డువాళ్ల ఫారెక్స్ చార్జీ మూడున్నర శాతం, ఆ చార్జీ మీద మళ్లీ జీఎస్టీ. చివరికి రూ. 10,279 పోయాయి. ఇది మోసమేమీ కాదు, రూల్ ప్రకారమే. కానీ డాలర్ ధర చూసి లెక్క వేసుకునేవాళ్లు ఇంకో నాలుగో వంతు దాకా కలుపుకుని చూసుకోండి.

మొదటి అనుమానం డౌన్‌లోడ్‌లోనే రావాల్సింది. 38 జీబీ అన్నారు, దిగింది తొమ్మిది చిల్లర. కంప్రెస్ చేశాం, నాణ్యత ఏమీ పోదు అని చిన్న అక్షరాల్లో ఉంది. ఫ్లాక్ లాంటి నష్టం లేని కంప్రెషన్ మామూలుగా ఫైలును సగానికి అటూ ఇటూ తగ్గిస్తుంది. నాలుగో వంతుకు తగ్గిందంటే ఏదో ఒకటి పారేశారేమో అని అనుమానించాలి. ఆ రాత్రి ఈ లెక్క నా బుర్రకు తట్టలేదు. పాట పూర్తి చేయాలనే తొందర.

ఆలాపన మధ్యమావతి రాగంలో వాయించి, మిక్స్ చేసి, డిసెంబర్ 6న మొదటి పాట పంపాను. మర్నాడు ఉదయాన్నే గురుస్వామి ఫోన్. "పాట బాగుంది స్వామీ. కానీ వేణువు సాగదీసినప్పుడల్లా లోపల టిక్కు టిక్కు అంటోంది ఏంటి స్వామీ?"

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నిజమే. తంబూరా కింద దాక్కుంది కాబట్టి నాకు వినపడలేదు, ఆయన చెవికి దొరికిపోయింది.

అన్ని ఎఫెక్టులూ తీసేసి, ఒక కీ మీద పేపర్‌వెయిట్ పెట్టి వదిలేశాను. సరిగ్గా మూడు సెకన్లకోసారి టిక్. సాంపిల్ అనేది కొన్ని సెకన్ల రికార్డింగ్. కీ ఇంకా నొక్కి ఉంటే మధ్యలో ఒక ముక్కను తిప్పి తిప్పి వాయించాలి. ముక్క చివర, మొదలు అతికే చోట తరంగం కలవకపోతే ఈ టిక్ వస్తుంది. లూప్ పాయింట్లు ఓపికగా సరిచేయడం సాంప్లర్ పనిలో ఓనమాలు. అదే చేయలేదంటే మిగతాది ఎలా ఉందో చూడాలనిపించింది. ఆదివారం మొత్తం దాని మీదే కూర్చున్నాను.

ఒక్కో కీ పైకి వెళ్తూ విన్నాను. వేణువులో ఊపిరితో వచ్చే చిన్న ఊపు ఉంటుంది కదా, అది కీ కీకీ వేగం పెరుగుతోంది. నాలుగు కీలు పైకి వెళ్లేసరికి మొదటి దానికంటే నాలుగో వంతు పైన ఎక్కువ వేగం. ఆ పై కీ నొక్కగానే మళ్లీ నెమ్మది. అంటే ఐదు స్వరాలకు ఒకే రికార్డింగ్ పెట్టి టేపు వేగం పెంచినట్టు సాగదీశారు. ప్రతి స్వరం విడిగా రికార్డ్ చేశామని పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంది. ఆలాపనలో ఆ ఐదో స్వరం నుంచి ఆరోదానికి జారినప్పుడు వాయించే మనిషే మారిపోయినట్టు ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

తర్వాత రౌండ్ రాబిన్. ఒకే స్వరం మళ్లీ మళ్లీ వాయిస్తే మెషీన్‌గన్‌లా వినిపించకుండా, ప్రతిసారీ వేరే రికార్డింగ్ పలకడానికి పెట్టే ఏర్పాటు అది. నాలుగున్నాయని రాశారు. దీన్ని పరీక్షించడం చాలా తేలిక. ఎఫెక్టులు, మాడ్యులేషన్ (శబ్దాన్ని తనంతట తానే మార్చే సెట్టింగులు) అన్నీ ఆపేసి ఒకే కీని ఒకే వెలాసిటీతో (నొక్కే జోరుతో) నాలుగుసార్లు వాయించి బౌన్స్ చేయండి, అంటే ఆడియో ఫైల్‌గా తీయండి. మొదటి స్వరాన్ని ఒక ట్రాక్‌లో, రెండోదాన్ని ఇంకో ట్రాక్‌లో అంగుళం తేడా లేకుండా ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒకదానికి ఫేజ్ తిప్పండి, అంటే తరంగాన్ని తలకిందులు చేయండి. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండూ వేరు వేరు రికార్డింగులైతే ఏదో ఒక చప్పుడు మిగులుతుంది. నాకు మిగిలింది పూర్తి నిశ్శబ్దం. మీటర్ కదల్లేదు. మూడోదానితో, నాలుగోదానితో కూడా అంతే. ఒక్క సాంపిలే నాలుగు అని అమ్మారు.

చివరిది చూశాక కోపం కంటే నవ్వు ఎక్కువ వచ్చింది. తాళాల శబ్దాన్ని స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో (ఏ శ్రుతి దగ్గర ఎంత శబ్దం ఉందో గీసి చూపించేది) చూశాను. కంచు తాళాల గలగల మన చెవి పట్టగలిగినంత పైదాకా పోతుంది. ఇక్కడ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పైన ఏమీ లేదు. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3 ఫైళ్లు చూసినవాళ్లకు ఈ గోడ బాగా తెలుసు. ఎంపీ3 నుంచే తీశారని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ 24 బిట్ స్టూడియో రికార్డింగ్ అని చెప్పుకునేదానికి ఆ గోడ ఎందుకు ఉంటుంది? ఆ తొమ్మిది జీబీ లెక్క కూడా ఇక్కడికి వచ్చి అతికింది.

ఇక హైబ్రిడ్ అనే మాట. ఇది కొత్తదేమీ కాదు. 1987లో రోలాండ్ డీ-50 అనే సింథ్ కీబోర్డు వచ్చినప్పుడు మెమరీ బాగా ఖరీదు. అందుకని స్వరం మొదట్లో వచ్చే ఆ చిన్న మీటు, ఊదు మాత్రం సాంపిల్‌గా పెట్టి, వెనక సాగే భాగాన్ని సింథ్‌తో పుట్టించారు. మన చెవి వాయిద్యాన్ని చాలావరకు ఆ మొదటి మీటుతోనే గుర్తుపడుతుంది, అందుకే ఆ ఉపాయం పనిచేసింది. ఇప్పుడు ఓమ్నీస్ఫియర్ లాంటి సాఫ్ట్‌వేర్ సింథ్‌లు సాంపిల్‌ని కూడా ఒక ఆసిలేటర్‌లా (సింథ్‌లో తరంగం పుట్టే చోటు) తీసుకుని గ్రాన్యులర్‌గా, అంటే రవ్వల్లా, ముక్కలు చేయగలవు, పక్కనే సింథ్ తరంగాలు కలపగలవు. హైబ్రిడ్ అంటే అది. నేను కొన్నదాంట్లో సాంపిల్ మీద ఒక ఫిల్టర్, ఒక ఎల్ఎఫ్ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపేది), మెరిసే పెద్ద గుండీలు. అంతే. మన డీఏడబ్ల్యూతో (పాట రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్) పాటు ఉచితంగా వచ్చే సాంప్లర్ కూడా ఆ పని చేస్తుంది.

డిసెంబర్ 9న రీఫండ్ అడుగుతూ మెయిల్ పెట్టాను. 14 రోజుల్లోపు అడిగితే ఇస్తామని పేజీలో ఉంది, నాకు అది పదో రోజు. ఆడియో ఫైళ్లు, స్పెక్ట్రమ్ స్క్రీన్‌షాట్లు జత చేశాను. 15వ తేదీన, అంటే గడువు దాటాక, జవాబు వచ్చింది. సీరియల్ యాక్టివేట్ చేసినవాళ్లకు రీఫండ్ వర్తించదట. ట్రయల్ లేదు. యాక్టివేట్ చేయకుండా ఒక్క స్వరం పలకదు. పలికించి చూస్తే డబ్బు వెనక్కి రాదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి వైపు తలెత్తి చూస్తే తాళి కట్టాల్సిందే అన్నట్టుంది వ్యవహారం. టిక్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను. ఎవరైనా పెట్టాల్సి వస్తే సరుకు అందలేదు అనే కారణం ఎంచుకోకండి. చెప్పినట్టు లేదు అనే కారణం కింద పెట్టండి. నేను తొందరలో మొదటిది టిక్ చేశాను. కంపెనీవాళ్లు యాక్టివేషన్ లాగ్ చూపించారు, బ్యాంకు కేసు మూసేసింది. తప్పు నాదే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కంపెనీకి ఇక్కడ ఆఫీసు లేదు, ఆ ఫిర్యాదుకు వాళ్ల నుంచి జవాబూ లేదు.

గురుస్వామి పాటల సంగతంటారా? ఊళ్లో వేణువు వాయించే ఒకాయన్ని పిలిచాను. కుర్చీలో కూర్చుని, ఫ్యాన్ ఆపించి, నాలుగు ఆలాపనలూ గంటలో ఊదేసి రూ. 2,500 తీసుకుని వెళ్లారు. మా ఆవిడ టీ ఇస్తూ, "ఈయన్ని ముందే పిలిస్తే సరిపోయేదిగా?" అంది. ఏం చెప్పను!

అసలు టెన్షన్ జనవరిలో పడ్డాను. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయించాను. సంక్రాంతి ముందు రోజు ఒక పాత ప్రాజెక్ట్ తెరిస్తే ఈ వాయిద్యం ఉన్న రెండు ట్రాకులూ మూగబోయాయి. రెండు కంప్యూటర్లకే లైసెన్స్, మీ యాక్టివేషన్లు అయిపోయాయి అని మెసేజ్. కొత్త బోర్డును మూడో కంప్యూటర్ కింద లెక్కేసింది. పాతదాన్ని డీయాక్టివేట్ చేద్దామంటే అది ఆన్ అయితే కదా! సపోర్ట్‌కి రాస్తే ఆరో రోజు రీసెట్ చేశారు. పండగ అయిపోయింది. ఆ ట్రాకుల్ని ఆడియోగా బౌన్స్ చేసి పెట్టుకుని ఉంటే నాకు ఆ ఆరు రోజుల నరకం ఉండేది కాదు. ఇప్పుడు పాట పూర్తయిన రోజే ప్రతి ప్లగిన్ (ఇలా డీఏడబ్ల్యూలో తగిలించుకునే సాఫ్ట్‌వేర్) ట్రాక్‌నీ ఆడియో చేసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పడేస్తున్నాను. ఎంత పేరున్న కంపెనీ ప్లగిన్ అయినా సరే.

కొనే ముందు నేనిప్పుడు చూస్తున్నవి చెబుతాను. డెమో పాట వినడం మానేశాను. ఎఫెక్టులు లేకుండా ఒక్కో స్వరం వాయించి చూపించే వీడియో ఎవరైనా పెట్టారా అని వెతుకుతాను, లేకపోతే కొనను. యాక్టివేషన్లు ఎన్ని, కంప్యూటర్ చనిపోతే వెబ్‌సైట్ నుంచే పాతదాన్ని తీసేయొచ్చా, లైసెన్స్ వేరేవాళ్లకు బదిలీ అవుతుందా అని కొనకముందే మెయిల్ చేస్తాను. ఆ మెయిల్‌కు ఎన్ని రోజులకు జవాబిస్తారో అదే వాళ్ల సపోర్ట్. కాంటాక్ట్ అనే సాంప్లర్ సాఫ్ట్‌వేర్ కోసం చేసిన లైబ్రరీలు కొనేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. డబ్బు పెట్టి కొనే ఫుల్ కాంటాక్ట్ కోసం చేసిన లైబ్రరీని ఉచిత ప్లేయర్‌లో తెరిస్తే 15 నిమిషాలు డెమోలా పలికి ఆగిపోతుంది. అందులో దాపరికం లేదు, పేజీలో రాసే ఉంటుంది. కానీ మన కుర్రాళ్లు ప్లేయర్ ఫ్రీయే కదా అని లైబ్రరీ కొనేసి, తర్వాత తల పట్టుకోవడం చాలాసార్లు చూశాను. ఆపిల్ ఎం సిరీస్ మెషీన్లవాళ్లు, ప్లగిన్ ఆ చిప్ మీద నేరుగా నడుస్తుందా, రోసెట్టా (ఇంటెల్ చిప్‌కి రాసిన ప్రోగ్రాముల్ని వీటి మీద నడిపించే ఆపిల్ ఏర్పాటు) అవసరమా అని కూడా అడగండి.

ఇప్పుడు ఆ వాయిద్యం నా డిస్క్‌లో తొమ్మిది జీబీ ఆక్రమించుకుని కూర్చుంది. అమ్మేద్దామంటే లైసెన్స్ బదిలీ కుదరదు. మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నీ అకౌంట్ పాస్‌వర్డ్ ఇచ్చెయ్, మూడు వేలు వేస్తా" అన్నాడు. ఆ టిక్ రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపాను. మళ్లీ ఫోన్ చేయలేదు.