వాటర్‌ప్రూఫ్ ఇంకుతో పద్దెనిమిది నెలలు

ఈ ఇంకు సీసా మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని అచ్చువేసినవాళ్లు ఒక్కసారి శ్రావణమాసంలో ఒడిశాలోని మా గజపతి జిల్లాకి వచ్చి బొమ్మ గీసి చూడాలి. నా గొడవంతా ఆ ఒక్క మాట మీదే. పెన్ను మీద పెద్దగా లేదు, రంగుల డబ్బా మీద అసలే లేదు.

పని మీద పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ తిరుగుతుంటాను. బస్సు కోసమో బండి కోసమో కూర్చునే టైమ్‌లో ఫోన్ చూసి చూసి విసుగొచ్చి, నలభై దాటాక బొమ్మలు నేర్చుకుందామని కొన్నాను: ఫౌంటెన్ పెన్ను, నల్ల పిగ్మెంట్ ఇంకు, పన్నెండు బిళ్లల వాటర్‌కలర్ డబ్బా, పిడిలోనే నీళ్లు నింపుకునే బ్రష్, చేతిలో పట్టే దళసరి కాగితాల పుస్తకం. అన్నీ ఒక టిఫిన్ బాక్సంత సంచిలో పడతాయి. ఆ బ్రష్ గురించి చెప్పాలంటే, నౌపడ–గుణుపూర్ రైలుబండిలో కిటికీ పక్కన గ్లాసు లేకుండా రంగు వేయొచ్చు, అంతే చాలు. (ఇరుకు పట్టాల నేరో గేజ్ బండి ఉన్న రోజుల్లో అయితే తాటిచెట్టు గీసి, రంగు వేసి, ఆరబెట్టేలోపు కూడా ఆ చెట్టు కిటికీలోనే ఉండేదని మా అమ్మ వెక్కిరిస్తుంది. దాన్ని 2004లో ఆపేశారు.)

కొన్నది జనవరిలో. మొదటి నాలుగైదు నెలలు ఇంకు అద్భుతం. రాజావారి కోట గోపురాలు గీసి, పక్కనే టీ తాగి, వెంటనే నీలం పూసినా గీత చెక్కుచెదరలేదు. ఇంతకుముందు మామూలు రాత ఇంకుతో గీసి, బ్రష్ తగలగానే పేజీ అంతా బొగ్గుల కొట్టు అయిపోయిన అనుభవం ఉంది కాబట్టి నాకు ఇదేదో మంత్రంలా అనిపించింది. టెక్కలిలో మా బావకి చెప్పి, వద్దంటున్నా వినకుండా ఆయన చేత కూడా ఒక సీసా కొనిపించాను.

జులైలో చంద్రగిరి వెళ్లాం. 1963 నుంచి టిబెట్ వాళ్లు స్థిరపడ్డ ఊరు అది. అక్కడికి దగ్గరలోనే, జీరంగలో, 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠం ఉంది. చుట్టూ కొండలు, మొక్కజొన్న చేలు, వాన లేదు కానీ మబ్బు నేల మీదికి దిగినట్టుంది. మెట్ల మీద కూర్చుని గంటన్నర గీశాను. అంతస్తులన్నీ, కిటికీల చుట్టూ అంచులు, పై కప్పు మూలలు, గాలికి ఊగే ప్రార్థన జెండాలు. నా జన్మలో అంత ఓపిగ్గా ఏదీ గీయలేదు. పది నిమిషాలు ఆగాను కూడా. మామూలుగా అయితే రెండు నిమిషాలే ఆగేవాణ్ణి.

కప్పుకి పసుపు ముట్టించాను. మొదటి జెండా దగ్గర గీత కొద్దిగా కదిలింది. కళ్లు మసకేమో అనుకున్నా. రెండోసారి బ్రష్ లాగేసరికి బంగారు కప్పు కాస్తా బూడిదరంగు రేకుల షెడ్డయింది. కంగారులో తుడవబోతే, నాది ఎడమచేతి వాటం, ముంజేయి కింద ఉన్న కిటికీలన్నీ పక్కకి ఈడ్చుకుపోయాయి. మా ఆవిడ తొంగి చూసి, “ఏటండీ, గుడి తడిసిపోనాదేటి?” అంది. పక్కనున్న కుర్ర సన్యాసి ఒకడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

ఇంటికొచ్చాక పట్టుదలగా పరీక్ష పెట్టాను. ముసురు పట్టిన సాయంత్రం వరండాలో, అదే పుస్తకంలో గీతలు గీసి, పక్కన టైమ్ రాసి, తడి బ్రష్‌తో అడ్డంగా లాగాను. రెండు నిమిషాల గీత పోయింది. పది నిమిషాలది మసకేసింది. అరగంటది నిలిచింది కానీ, రెండు గీతలు కలిసే చోట, పాళీ ఒక్క క్షణం ఆగిన చోట చిన్న నల్లటి తోక వచ్చింది. రాత్రి గీసి పొద్దున్న తడిపింది మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు.

కారణం తెలిశాక కోపం సగం తగ్గింది. ఈ ఇంకులో రంగు నీళ్లలో కరిగి ఉండదు, సన్నటి నలుసుల్లా తేలుతుంటుంది. తడి ఆరితేనే కాగితానికి అంటుకుంటుంది. వాటర్‌కలర్ కాగితానికి నీళ్లు త్వరగా పీల్చకుండా గంజిలాంటిది పట్టించి ఉంటారు, అందుకే ఇంకు పైపైనే కూర్చుంటుంది. దానికి తోడు మా ఊరి తేమ, నా లావు పాళీ. సీసా అబద్ధం చెప్పలేదు, ఆరాకే వాటర్‌ప్రూఫ్. ఆ ‘ఆరాక’ అన్నది కూడా రాసి ఉంటే నా విహారం నాకు దక్కేది.

ఇంకోటి. వేసవిలో నలభై రోజులు పెన్ను ముట్టుకోలేదు. లోపల ఇంకు గడ్డకట్టింది. రెండు రోజులు గ్లాసు నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి కడిగితే గానీ దారికి రాలేదు. లక్క కలిసే డ్రాయింగ్ ఇంకును మాత్రం పొరపాటున కూడా ఫౌంటెన్ పెన్నులో పోయకండి, అది ఒకసారి బిగిస్తే ఇక వదలదు.

కాబట్టి కొనమంటానా? పొద్దున్న గీసి మధ్యాహ్నం తీరిగ్గా రంగు వేసేవాళ్లయితే, కుడిచేతి వాటమైతే, కాస్త పొడి ఊళ్లో ఉంటే, కొనండి. సన్నపాళీ తీసుకోండి. బావకి ఏ ఫిర్యాదూ లేదు, ఎందుకంటే ఆయన ఆ సీసా మూత ఇంకా తియ్యలేదు.

నేను మాత్రం వానాకాలం నాలుగు నెలలూ పెన్ను ఇంట్లో వదిలేస్తున్నాను. మొన్న గుణుపూర్‌లో వంశధార వంతెన గీయబోతే సంచిలో ఏ పెన్నూ లేదు. టీ కొట్టాయన లెక్కలు రాసుకునే బాల్‌పెన్ను అడిగాను. అందులో ఇంకు నూనెది. గీసిన నిమిషానికే రంగు పూశాను, కదిలితే ఒట్టు. వెలుగు తగిలితే వెలిసిపోతుందట, పోనీ. ఆ పెన్ను ఆయనకి తిరిగి ఇవ్వడం మర్చిపోయాను, వచ్చే మంగళవారం అటు వెళ్లినప్పుడు ఇవ్వాలి.