వార్తాలేఖ ఫోటోలకు ఇర్ఫాన్‌వ్యూ: ఆరేళ్ల వాడకం తరువాత

మా క్లబ్బు వార్తాలేఖను నెలనెలా సభ్యులకు ఈమెయిల్‌లో పంపే బాధ్యత నాకు వచ్చి ఆరేళ్లయింది. అప్పటినుంచీ ఫోటోల సైజు తగ్గించడానికి నేను వాడుతున్నది, 1996లో తొలిసారి విడుదలై వాణిజ్యేతర అవసరాలకు నేటికీ ఉచితంగా దొరుకుతున్న ఇర్ఫాన్‌వ్యూ అనే విండోస్ ప్రోగ్రామే.

సభ్యులు పంపే ఫోన్ ఫోటోలు చాలావరకు 4032×3024 పిక్సెళ్లతో, ఒక్కొక్కటి నాలుగు ఎంబీల దాకా ఉంటాయి. అలాంటివి అయిదు చేర్చితే లెక్కకు ఇరవై ఎంబీలే అయినా, అటాచ్‌మెంట్లు అక్షరాల రూపంలోకి మారి వెళ్లేటప్పుడు వాటి బరువు మూడో వంతుకు పైగా పెరుగుతుంది కాబట్టి, 25 ఎంబీల హద్దు పెట్టుకున్న సర్వర్ నుంచి ఆ ఉత్తరం తిరుగుటపాలో వచ్చేస్తుంది.

ఇర్ఫాన్‌వ్యూలో ‘బి’ మీట నొక్కితే ఎన్నో ఫోటోలను ఒకేసారి మార్చే బ్యాచ్ కన్వర్షన్ తెరుచుకుంటుంది. అందులో నేను పొడవైన వైపును 1200 పిక్సెళ్లకు కుదించి, కుదించినా నునుపుగా ఉంచే రీశాంపుల్ పద్ధతి ఎంచుకుని, చిన్న ఫోటోలను పెంచవద్దనే గడిలో టిక్కు పెడతాను. మా లేఖలో బొమ్మ వెడల్పు 600 పిక్సెళ్లే. అయినా సాంద్రత ఎక్కువున్న ఫోన్ తెరల మీద ముఖాలు స్పష్టంగా కనిపించాలంటే దానికి రెట్టింపు ఉండాలి. అచ్చులో అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే డీపీఐ అంకె 72 ఉన్నా 300 ఉన్నా తెర మీద తేడా ఏమీ రాదని అర్థం కావడానికి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, నాకు ఏడాది పట్టింది.

ఫోటోలను దాచే జేపెగ్ రూపంలో నాణ్యతను వందకు 80 దగ్గర ఉంచితే మామూలు ఫోటోలకు సరిపోతుంది. ఇబ్బంది పెట్టేది వేదిక వెనుక కట్టే బ్యానరే. జేపెగ్ సాధారణంగా రంగుల వివరాన్ని వెలుగు వివరం కంటే తక్కువ పిక్సెళ్లలో దాస్తుంది. అందువల్ల తెల్లటి గుడ్డ మీది ఎర్ర అక్షరాల అంచులు తడిసిన సిరాలా అలుక్కుపోతాయి. దాచే కిటికీలో ఈ రంగుల కుదింపును ఆపే గడి ఉంది. టిక్కు పెడితే ఫైలు కాస్త బరువెక్కుతుంది గానీ అక్షరాలు నిలుస్తాయి.

మొదటి ఏడాదిలోనే ఒక పొరపాటు చేశాను. కుదించిన ఫోటోలను అసలు ఫోల్డర్‌లోకే పంపి, పాతవాటి మీద రాసెయ్యడానికి ఒప్పుకున్నాను. ఆ వార్షికోత్సవం ఫోటోల్లో ఇప్పుడు అచ్చుకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. నాటినుంచి ‘అసలు’, ‘లేఖ’ అని రెండు ఫోల్డర్లు పెట్టుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. అడ్వాన్స్‌డ్ కిటికీ నిండా గడులే కావడంతో కొత్తవారు బెదిరిపోతారు. ఐఫోన్ల వంటివి దాచే హెచ్‌ఈఐసీ రకం ఫోటోలు తెరవడానికి అదనపు భాగాలు వేసుకోవాలి. ఒకరి ఇంట్లో తీసిన ఫోటోతో పాటు ఆ ఇంటి జీపీఎస్ వివరం అందరికీ వెళ్లకుండా ఫోటో ఫైలులోనే దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారం ఉంచే టిక్కును మనమే తీసెయ్యాలి.

అమరికలన్నీ ఒక ఫైలుగా దాచుకున్నాక ముప్పై ఫోటోలయినా నిమిషంలో సిద్ధమవుతున్నాయి. మిగిలిన సాయంత్రమంతా వెనుక వరుసలో నిలబడ్డది ఎవరో పేర్లు కనుక్కోవడానికే పోతోంది.