వ్యానులో వేసవి: మైపాడు తీరమా, పెంచలకోనా, సోమశిల గట్టా?

పిల్లలకు పరీక్షలు పూర్తవుతున్నాయంటే చాలు, మా ఇంటికి వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్న మోసుకొస్తాయి. మా బావమరిది ఒక పాత ట్రావెలర్ వ్యాను కొని, సీట్లు తీయించి, పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాడు. కొన్నది ఆయనే అయినా వేసవిలో తిప్పేది మేమేనని నెల్లూరులో మా చుట్టాలందరికీ తెలుసు. "మేమూ ఒక వ్యాను మాట్లాడుకుంటున్నాం, రాత్రిళ్లు ఎక్కడ ఆపితే మేలు?" అని అడుగుతున్నారు. చేయించిన మార్పులు ఆర్‌సీలో నమోదు కావాలని, వంటకు ఐదు కిలోల సిలిండర్ చాలునని, అది పడకల పక్కన ఉండకూడదని అడిగేవాళ్లకు ఎలాగూ తెలుసు. కాబట్టి ఆ పాఠం మళ్లీ చెప్పను.

అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు పంపే ఫొటోల్లో వ్యాను ఆపిన చోటే కరెంటు ప్లగ్గు, నీళ్ల కుళాయి, మురుగు పోయే గొట్టం అన్నీ కనిపిస్తాయి. మనకు దొరికేవి గుడి ముందు మైదానం, సత్రం ఆవరణ, పర్యాటక శాఖ రిసార్టు ప్రాంగణం, డ్యాము దగ్గర ఖాళీ స్థలం. అందుకే మన దగ్గర చూసుకోవలసిన లెక్క వేరు. చుట్టూ ఎంత అందంగా ఉందన్నది నా దృష్టిలో రెండో సంగతి. రాత్రి పదికీ తెల్లవారుజామున నాలుగుకూ మధ్య ఏసీ లేకుండా, కిటికీలు తెరిచిపెట్టుకుని పిల్లలూ పెద్దలూ నిద్రపోగలరా? నేను ముందు చూసేది అదే. నిద్ర చాలని పిల్లలకు మరునాడు ఏ జలపాతం చూపించినా పేచీయే.

ఏసీ ఉంటే ఎక్కడ ఆపితే ఏమిటి అంటారు. వ్యానుల్లో సాధారణంగా పెట్టే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అందులో ఉండేది 1,800 వాట్-అవర్లు. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నంతసేపు వెయ్యి వాట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. అలాంటి బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. అంటే మీ దగ్గరున్నది గంటసేపటి చల్లదనం. అదే 12 వోల్టుల చిన్న ఫ్యాను 20 వాట్లతో తిరుగుతుంది. అలాంటివి రెండు పది గంటలు తిరిగినా ఖర్చయ్యేది 400 వాట్-అవర్లే. బయట గాలి ఉంటే ఆ ఫ్యాన్లే చాలు, లేకపోతే ఆ ఏసీ కూడా చాలదు.

ఇక ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని పడుకుందామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఇంజను పొగలోనూ ఉండే ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలివి రాదు.

మొదట మైపాడు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లలోపే. ఇందుకూరుపేట మీదుగా గంట లోపల సముద్రం కనిపిస్తుంది. డీజిలు ఖర్చు తక్కువ, ఏదైనా మరిచిపోతే మళ్లీ ఇంటికి వెళ్లి తెచ్చుకోవచ్చు. పిల్లలకు అంతకు మించిన ఆటస్థలం లేదు. మధ్యాహ్నం తరువాత సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది. సాయంత్రం ఐదింటికి ఊళ్లో గోడలు సెగలు కక్కుతుంటే అక్కడ చొక్కా రెపరెపలాడుతుంది. అయితే పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో అది సముద్రపు గాలిని ఒడ్డెక్కనివ్వదు. అలాంటి రోజు తీరంలోనూ వడగాలే. కాబట్టి బయలుదేరే ముందు ఇంటి మేడ మీదికెక్కి గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటే సగం సంగతి తేలిపోతుంది.

మైపాడులో తొలి జాము బాగుంటుంది, ఇబ్బంది మలి జాములోనే. నేల చల్లబడే కొద్దీ సముద్రపు గాలి సన్నగిల్లుతుంది. అర్ధరాత్రి దాటాక ఆకు కదలదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, దుప్పటి జిగటగా అంటుకుంటుంది. ఆ తరువాత వచ్చే కాస్త గాలీ నేల వైపు నుంచి, రొయ్యల గుంటల మీదుగా వస్తుంది, వెంట దోమలను తెస్తుంది. కిటికీలకు దోమతెర బిగిస్తే దోమలు ఆగుతాయి, వాటితోపాటు ఆ కాస్త గాలీ ఆగుతుంది. మా అత్తగారు ఆ వేళకు లేచి బయట మడత మంచం వేయించుకుంటారు. ఆమె లేస్తే మనవళ్లు లేస్తారు, వాళ్లు లేస్తే ఇక ఆ రాత్రికి సెలవు.

మైపాడు అనగానే చేపల పులుసు ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిబంధన. మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది గానీ అవి తెచ్చేది ఎంత? నెల్లూరు పులుసులో వేయడానికి పుల్లటి మామిడికాయ దండిగా ఉండే రోజుల్లోనే సముద్రపు చేపకు కరువన్నమాట. ఊళ్లోనే కొర్రమీను కొనుక్కుని ఐసుపెట్టెలో పెట్టుకుని వెళ్లడం మేలు. ఇసుక మీదికి చక్రం దించకూడదు, రోడ్డు ఆగిన చోటే వ్యానూ ఆగాలి. ఇంటికి రాగానే అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి, లేకపోతే ఉప్పు రేకును తినేస్తుంది. తీరాన్నే రాత్రంతా ఉండిపోకుండా పర్యాటక శాఖ రిసార్టు వాళ్లను అడిగి ఆవరణలో చోటు సంపాదిస్తే మరుగుదొడ్డి బాధా తీరుతుంది. పిల్లలను మాత్రం మోకాలి లోతు దాటనివ్వకండి. అక్కడి అలలు పైకి కనిపించేంత సాధువులు కావు.

పెంచలకోన ఇంతకు పూర్తిగా తలకిందులు. నెల్లూరు నుంచి సుమారు 80 కిలోమీటర్లు, పొదలకూరు, రాపూరు మీదుగా. పొదలకూరులో నిమ్మకాయల మార్కెట్టు ఉంది కాబట్టి మజ్జిగకు, షర్బత్‌కు సరిపడా అక్కడే తీసుకోవచ్చు, వేసవిలో ధర అడిగాక గుండె నిబ్బరం ఉంటే. వెలిగొండల నడుమ కోన, పెనుశిల లక్ష్మీనరసింహస్వామి గుడి, పక్కనే ఆదిలక్ష్మి అమ్మవారు, చెంచులక్ష్మి అమ్మవారు. మధ్యాహ్నం అక్కడికి చేరితే మాత్రం నన్ను తిట్టుకుంటారు. మూడు వైపులా కొండరాయి పగలంతా ఎండ తాగి, పొద్దుగుంకాక ఆ వేడినంతా మన మీదికి వదులుతుంది. రాత్రి తొమ్మిది దాకా మైపాడే నయమనిపిస్తుంది. మా బావమరిది అయితే ప్రతిసారీ ఆ మాట అనే తీరతాడు: "బావా, సముద్రం వదిలిపెట్టి ఈ పొయ్యిలోకి తెచ్చారేమిటి?"

పదిన్నర, పదకొండు దాటాక ఆయనే మాట్లాడడు, గురక పెడుతుంటాడు. కొండవాలు చల్లబడేసరికి దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి, వాలు వెంట దిగి, కోన నోటి గుండా బయటికి జారుతుంది. ఆ గాలి బలమైనదేమీ కాదు. కానీ తెల్లవార్లూ ఆగదు, అందులో సముద్రపు తేమ ఉండదు. చెమట ఆరుతుంది, ఒళ్లు తేలికపడుతుంది. తెల్లవారుజామున అందరం దుప్పటి వెతుక్కుంటాం. మే నెలలో, నెల్లూరు ప్రాంతంలో, దుప్పటి! నేను పెంచలకోన పక్షం వహించడానికి అసలు కారణం ఇదే. ముందు రాత్రి ఉక్కను పిల్లలు కబుర్లతో, ఆటలతో గడిపేస్తారు. గాఢనిద్ర పట్టే వెనక రాత్రి బాగుంటేనే మరునాడు బాగుంటుంది. వ్యానును గుడి దగ్గర మైదానంలో, కోన లోపలి వైపుకు తలుపు వచ్చేలా నిలిపితే ఆ గాలి నేరుగా పడకల మీదికి వస్తుంది. చెట్టు నీడ పగటికి మంచిదే గానీ సాయంత్రం మబ్బు పడితే అక్కడి నుంచి వ్యాను తీసేయాలి. మే నెల ఈదురుగాలులకు కొమ్మలు విరుగుతాయి, పిడుగులూ పడతాయి.

కిటికీలు తెరిచిపెట్టుకోవడానికి ధైర్యం కూడా ఉండాలి కదా. గుడి దగ్గర మనుషుల అలికిడి ఉంటుంది, దీపాలుంటాయి. చుట్టూ నాలుగు కుటుంబాలు చాపలు పరుచుకుని పడుకుని ఉంటాయి. ఆడవాళ్లు అర్ధరాత్రి కిందికి దిగాలన్నా భయం లేదు. కుళాయి, మరుగుదొడ్లు నడిచే దూరంలోనే. సత్రంలో ఒక గది తీసుకుంటే స్నానాలకు ఇబ్బంది ఉండదు, బ్యాటరీ ఛార్జింగుకు ప్లగ్గూ దొరుకుతుంది. వ్యానులో మరుగుదొడ్డి పెట్టించుకున్నవాళ్లకు దాన్ని శుభ్రం చేసే చోటు మన దగ్గర పెద్ద తలనొప్పి. అందుకే మేము దాన్ని అత్యవసరానికి తప్ప వాడం.

ఇబ్బందులు లేవని కాదు. తెరిచిన తలుపును కోతులు పిలుపుగా తీసుకుంటాయి. అరటిపళ్లు కనిపించాయో, వంటగట్టు మీద సామాను సామానులా ఉండదు. తెల్లవారకముందే గుడి మైకు లేపుతుంది. మాంసం, చేప, మందు ఊసెత్తకూడదు. మూడు పూటలా నీచు లేనిదే ముద్ద దిగని కుటుంబాలకు ఇది పెద్ద విషయమే, కాదనను. వేసవిలో జలపాతం సన్నబడిపోతుంది, పిల్లలు ఊహించుకున్నంత నీళ్లుండవు. వైశాఖంలో, నృసింహ జయంతికి అటూ ఇటూ జరిగే బ్రహ్మోత్సవాల రోజుల్లో వ్యాను నిలిపే చోటే దొరకదు. పంచాంగం చూసి ఆ వారం తప్పించాలి. చుట్టూ ఉన్నది అభయారణ్యం. చీకటి పడ్డాక లోపలికి నడవడం, అడవిలో పొయ్యి వెలిగించడం రెండూ నేరమే. వంట మైదానంలోనే, గ్యాసు మీదే.

సోమశిల గురించి ఎక్కువమంది అడుగుతారు, ఎందుకంటే ఫొటోల్లో అదే బాగుంటుంది. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం, ఎదురుగా కొండలు. గాలికి లోటు లేదు, నీటి మీదుగా రాత్రి చాలాసేపు వీస్తుంది. గాలి ఒక్కటే చూస్తే సోమశిలకే మొదటి మార్కు వేయాలి. కానీ మే నెలలో నీళ్లు వెనక్కి తగ్గి మధ్యలో బురద, రాళ్లు మిగులుతాయి. నీడ లేదు, రేకు వ్యాను పగటిపూట పెనం అవుతుంది. చీకటి పడితే మనిషి కనిపించడు. అలాంటి చోట మేము కిటికీలు మూసుకునే పడుకుంటాం. మూసుకున్నాక బయట ఎంత గాలి వీస్తే ఏం లాభం? పదిమంది, రెండు మూడు వ్యాన్లతో కలిసి వెళ్లేవాళ్లకు ఈ అభ్యంతరం ఉండదు, వాళ్లకు సోమశిల బాగానే కుదురుతుంది. అయినా డ్యాము సిబ్బందిని అడగకుండా ఎక్కడా ఆపకూడదు. దిగువన నదిలో ఇసుక మెత్తగా ఉంది కదా అని వ్యాను దించడం మరీ ప్రమాదం, నీళ్లు వదిలేది మనల్ని అడిగి కాదు. కండలేరు జలాశయానికీ ఇవే మాటలు వర్తిస్తాయి.

ఒంగోలు వైపు వాళ్లు కొత్తపట్నం తీరం ఎలా ఉంటుందని అడుగుతారు. గాలి, తేమ లెక్కల్లో మైపాడుకూ దానికీ తేడా చెప్పలేను, ఒంగోలువాళ్లకు దగ్గర కాబట్టి అదే మేలు. వేసవి శిబిరాలు ఆ ఊరికి పాతవే. 1937లో అక్కడ పెట్టిన వేసవి రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించింది. మన శిబిరానికి అంత గౌరవం దక్కకపోవచ్చు.

భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు చూసి తీరవలసినవే. పగటిపూట గుహల లోపల చల్లగా ఉంటుంది. వేసవిలో జలపాతం ఉంటుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి. ఉదయం వెళ్లి సాయంత్రానికి దిగిపోవడమే నయం. ఆ దారిలో ఉదయగిరి తగిలితే చెక్క గరిటెలు కొనండి, వ్యాను వంటింట్లో గిన్నెలు గీతలు పడకుండా పనికొస్తాయి. కోట ఎక్కడం ఈ ఎండల్లో వద్దు.

జాతీయ రహదారి పక్కన పెట్రోలు బంకుల్లో ఆపుకోవడం ప్రయాణం మధ్యలో ఒక రాత్రికైతే సరే. లారీల మోత, దీపాల వెలుగు ఉంటాయి, దొంగల భయం తక్కువ. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

నేలపట్టు, పులికాట్ దగ్గర ఆపుకుని పక్షులు చూడవచ్చా అని కూడా ఒకరిద్దరు అడిగారు. అవి శీతాకాలపు అతిథులు. వేసవి ముదిరాక వెళితే ఖాళీ కొమ్మలు, ఎండిన బురద చూసి రావలసిందే. పక్షుల కోసమైతే సంక్రాంతి సెలవులకు మా బావమరిదిని వ్యాను అడగండి. వేసవిలో మాత్రం అడగవద్దు, అప్పుడు అది మా దగ్గరుంటుంది.