బుడాపెస్ట్‌లో పిల్లల డాక్టర్ల జాడ: ఒక పూట నడక

వైద్య చరిత్ర చూడాలని బుడాపెస్ట్ వెళ్తే అందరూ సెమ్మెల్వెయిస్ మ్యూజియానికే దారి చూపిస్తారు. ఆయన బాలింతల ప్రాణాలు నిలిపినవాడు, చూడాల్సిందే. కానీ అదే ఊళ్లో పసిపిల్లలకంటూ ఆస్పత్రి పెట్టినవాళ్ల ఊసు గైడ్లు ఎత్తరు. అది పెద్ద అన్యాయం.

ఎం2 మెట్రోలో ఆస్టోరియా దగ్గర దిగి రోకుష్ ఆస్పత్రి దాకా నడవండి. ఎదుట సెమ్మెల్వెయిస్ విగ్రహం, ఆయన కాళ్ల దగ్గర బిడ్డతో తల్లి. పక్కనే సెంట్‌కిరాయి వీధి. ఒకప్పుడు దీని పేరు ఓస్ వీధి. షోఫ్ మేరెయి ఆగోష్ట్ అనే డాక్టర్ 1839లో పేదపిల్లల ఆస్పత్రి తెరిచింది ఇక్కడే, 12 మంచాలతో. 1848-49 హంగరీ స్వాతంత్ర్య పోరాటం ఓడిపోయాక దేశం విడిచి మాంచెస్టర్ చేరి, 1856లో అక్కడా పిల్లల వైద్యశాల పెట్టాడు. రెండేళ్లకే పోయాడు.

ఆయన వెళ్లిపోయాక పెస్ట్ (బుడాపెస్ట్‌లో డాన్యూబ్‌కు తూర్పు భాగం) ఆస్పత్రి మూతపడకుండా కాచినవాడు బోకాయ్ యానోష్ (1822-1884). 35 ఏళ్లు నడిపాడు. 12 మంచాల చోటు నుంచి 1883లో ఉల్లోయి రోడ్డు దగ్గర స్టెఫానియా పిల్లల ఆస్పత్రి దాకా తెచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. అదే పేరున్న కొడుకు తర్వాత బాధ్యత తీసుకున్నాడు. డిఫ్తీరియా పొర గొంతుకు అడ్డుపడి ఊపిరాడని పిల్లలకు, మెడ కోయకుండా నోటి నుంచే గొట్టం దింపే పద్ధతిని హంగరీలో నిలబెట్టింది ఆయనే.

ఈ నడకకు అసలు గుండెకాయ బోకాయ్ యానోష్ వీధి. ఎం3 మెట్రోలో సెమ్మెల్వెయిస్ క్లినికాక్ స్టేషన్ దిగాలి. హంగరీవాళ్లదీ మనలాగే ఇంటిపేరు ముందు రాసే అలవాటు, మ్యాపులో అలాగే వెతకండి. బోర్డు మీద 'ఉత్స' అంటే వీధి. ఈ వీధిలోని పిల్లల క్లినిక్ ఇప్పటికీ పనిచేస్తోంది కాబట్టి బయటినుంచే చూడాలి. పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఫొటోలు తీయొద్దు.

వీధులకూ విగ్రహానికీ పైసా ఖర్చు లేదు. టికెట్ మాత్రం మెట్రోలోకి దిగే ముందే మెషీన్‌లో ముద్ర వేయించాలి. కొనడం ఒక్కటే చాలదు, తనిఖీలో దొరికితే జరిమానా. ఒక్కసారి టికెట్‌తో మెట్రో లైన్లు మారవచ్చు, ట్రామ్ ఎక్కితే ఇంకొకటి కొనాలి. అందుకే క్లినికాక్ నుంచి మూడో స్టేషన్ ఫెరెన్సియెక్ తెరె దగ్గర దిగి, ఎర్జెబెట్ వంతెన నడిచి దాటండి. ట్రామ్ టికెట్ మిగులుతుంది, డాన్యూబ్ చూసినట్టూ ఉంటుంది. ఆవల ఆప్రోద్ వీధిలో సెమ్మెల్వెయిస్ పుట్టిన ఇల్లే మ్యూజియం. సోమవారం సెలవు.