మాల్దీవుల హనీమూన్: ముందు పడవ, తర్వాతే గది

శుక్రవారం సాయంత్రం మాలే ఎయిర్‌పోర్టు బయట, రెండు సూట్‌కేసులతో జెట్టీ మీద నిలబడి ఉన్నాం. మేం ఎక్కాల్సిన స్పీడ్‌బోట్ వెళ్ళిపోయి గంటయింది. మాల్దీవుల్లో శుక్ర, శనివారాలు సెలవు. శుక్రవారం ప్రభుత్వ ఫెర్రీలు చాలావరకు నడవవు, ప్రైవేటు స్పీడ్‌బోట్లు కూడా తగ్గిపోతాయి. గది కోసం నెల్లాళ్ళు వెతికి, వందల ఫొటోలు చూసి, రివ్యూలన్నీ చదివిన మేం పడవ టైము మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు. అలా మా హనీమూన్ మొదటి రాత్రి హుల్హుమాలేలో గడిచింది. సముద్రాన్ని పూడ్చి కట్టిన ఊరది. కిటికీ తీస్తే ఎదురుగా అపార్ట్‌మెంట్లు, కింద స్కూటర్ల హారన్లు. మేం చేరాల్సిన మాఫుషీ దీవిలో ముందే డబ్బు కట్టేసిన గది ఆ రాత్రి ఖాళీగానే ఉంది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే. తక్కువ ఖర్చులో మాల్దీవులు చూడాలంటే ముందు విమానం టైమూ పడవ టైమూ కలుస్తున్నాయా లేదా చూసుకోండి. ఆ తర్వాత దీవి, చివర్లో గది.

ఆ దేశంలో దాదాపు 1,200 దీవులున్నాయి. జనం నివసించేవి సుమారు 200. మిగతావాటిలో కొన్నింటిని ఒక దీవికి ఒక రిసార్ట్ చొప్పున ఇచ్చేశారు. మనం ఫొటోల్లో చూసే నీళ్ళ మీద విల్లాలు అక్కడివే. ఇంచుమించు 2010 నుంచి ఊళ్ళున్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు వచ్చాయి. మధ్యతరగతి జంటలకి దారి తెరుచుకున్నది అప్పుడే. నీళ్ళు రెండుచోట్లా అవే, చేపలూ అవే. దూరంగా ఉన్న రిసార్ట్‌కి సీప్లేన్‌లో, అంటే నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలంటే మాత్రం రానూపోనూ ఒక్కొక్కరికి 400 డాలర్లు దాటడం అక్కడ మామూలే. పైగా సీప్లేన్లు పగలే ఎగురుతాయి. సాయంత్రం దిగేవాళ్ళకి ఎలాగూ మాలేలో ఒక రాత్రి తప్పదు.

మేం మాఫుషీలో రెండు రాత్రులు, ధిగురా అనే ఇంకో దీవిలో మూడు, ఆఖర్న ఎయిర్‌పోర్టుకి దగ్గరగా ఉన్న ఒక రిసార్ట్‌లో ఒకటి ఉన్నాం. ఆ ఆఖరి రాత్రి గురించి మా ఇద్దరికీ ఇప్పటికీ గొడవే. అది తర్వాత చెప్తాను.

మాఫుషీ చవక. మాలే నుంచి స్పీడ్‌బోట్‌లో అరగంట, ముప్పావుగంట. ప్రభుత్వ ఫెర్రీ అయితే గంటన్నర. గెస్ట్‌హౌస్‌లు పక్కపక్కనే ఉండటంతో పోటీ ఎక్కువ, ట్రిప్పుల రేట్లు తక్కువ. తాబేళ్ళు, డాల్ఫిన్లు, ఇసుక దిబ్బ, ఏ ట్రిప్పు కావాలన్నా ముందు రోజు రాత్రి వీధిలో నాలుగు కౌంటర్లు తిరిగితే దొరికేస్తుంది. కానీ బీచ్ చిన్నది, మనుషులు ఎక్కువ. దేశంలోని పెద్ద జైలు కూడా ఈ దీవిలోనే ఉందని తెలిశాక మా ఆయన రెండు రోజులూ దాని మీదే జోకులు.

గది బుక్ చేసుకున్నప్పుడు 'సీ వ్యూ' అని అదనంగా తీసుకున్నారు. బాల్కనీలో ఎడమ మూలకి వెళ్ళి, మెడ బయటికి చాస్తే, రెండు బిల్డింగుల మధ్య చీర అంచంత నీలం కనిపించింది. అదీ వ్యూ. 'హనీమూన్ డెకరేషన్' కూడా ఇచ్చారు. మంచం మీద తువ్వాళ్ళతో రెండు హంసలు, చుట్టూ పూరేకులు. ఏసీ గాలికి ఒక హంస తల వాల్చేసింది. రెండో దాన్ని ఎత్తితే కింద చీమల బారు. ఆ రాత్రి పదకొండింటికి ఇద్దరం దుప్పటి చెరో కొస పట్టుకుని బాల్కనీలో దులుపుతుంటే, ఎదురు గదివాళ్ళూ అదే పనిలో ఉన్నారు. డెకరేషన్‌కి విడిగా డబ్బు అడిగితే మాత్రం వద్దనండి. పెళ్ళి తేదీ చెబితే చాలాచోట్ల ఊరికే చేస్తారు.

లెక్కల సంగతి ఒక్కసారి చెప్పుకోవాలి, ఎందుకంటే వెబ్‌సైట్‌లో కనిపించే రేటు చాలాసార్లు అసలు రేటు కాదు. గది 100 డాలర్లనుకుందాం. దాని మీద సాధారణంగా 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 17 శాతం పర్యాటక జీఎస్టీ. అంటే 128 డాలర్ల 70 సెంట్లు. ఇవి కాక గ్రీన్ టాక్స్ అనే పర్యావరణ పన్ను, మనిషికి, రాత్రికి లెక్క. 2025 జనవరి నుంచి రిసార్ట్‌లో 12 డాలర్లు, 50 గదుల లోపు గెస్ట్‌హౌస్‌లో 6 డాలర్లు. ఇద్దరికి మాఫుషీ, ధిగురా కలిపి ఐదు రాత్రులకి మేం 60 డాలర్లు కట్టాం. బుక్ చేసేముందు "అన్ని పన్నులూ, పడవ చార్జీ కలిపి ఇద్దరికి మొత్తం ఎంత?" అని ఒకే ప్రశ్న మెసేజ్ పెట్టండి. సూటిగా జవాబు చెప్పినవాళ్ళ దగ్గరే దిగండి. ధిగురాలో మా గెస్ట్‌హౌస్‌ని ఎంచుకోవడానికి అదొక్కటే కారణం.

ధిగురా దక్షిణ ఆరి అటోల్‌లో (అటోల్ అంటే వలయంలా ఉండే పగడపు దీవుల గుంపు) ఉంది. మాలే నుంచి స్పీడ్‌బోట్‌లో రెండు గంటలకి కాస్త అటూ ఇటూ. ఫిబ్రవరిలో వెళ్ళాం కాబట్టి సముద్రం చెరువులా ఉంది, అయినా వెనక సీట్లో కూర్చోవడమే మంచిది. ముందు సీట్లో అల వచ్చినప్పుడల్లా నడుం అదిరిపోతుంది. దీవి పొడవు దాదాపు మూడు కిలోమీటర్లు, వెడల్పు మాత్రం అటు నుంచి ఇటు కొన్ని నిమిషాల నడక. ఊరంతా ఒక చివర, మిగతాదంతా చెట్లే. ఆ చెట్ల మధ్య బాట పట్టుకుని దక్షిణం కొసకి నడిస్తే, పోటు తగ్గినప్పుడు తెల్లటి ఇసుక నాలుకలా సముద్రంలోకి సాగి ఉంటుంది. మూడు సాయంత్రాలూ మేం అక్కడే ఉన్నాం. రెండో సాయంత్రం ఆ ఇసుక మీద మేమిద్దరమూ, ఒక కొంగా తప్ప ఎవరూ లేరు. దీనికి టికెట్ లేదు, ప్యాకేజీ లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నడవడమే. టార్చి తీసుకెళ్ళండి, తిరిగొచ్చేటప్పటికి బాట చీకటిగా ఉంటుంది.

ఇక్కడికి అందరూ వచ్చేది తిమింగల సొరచేపల (వేల్ షార్క్‌ల) కోసం. దక్షిణ ఆరిలో ఇవి ఏడాది పొడవునా తిరుగుతుంటాయి, అందుకే 2009లో ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మొదటి రోజు నాలుగు గంటలు పడవలో తిరిగి ఏమీ చూడకుండా వచ్చాం. ఎక్కేముందు కౌంటర్‌లో మాత్రం "తప్పకుండా కనిపిస్తుంది" అన్నారు. సముద్రంలో తిరిగే జంతువుకి గ్యారంటీ ఎవరిస్తారు? రెండో రోజు పదిన్నరకి పడవవాడు ఒక్కసారిగా "జంప్, జంప్!" అని అరిచాడు. దూకి తల ముంచేసరికి, కింద బూడిద రంగు వీపు, దాని మీద ముగ్గు చుక్కల్లా తెల్లటి మచ్చలు. ఆ చుక్కల అమరికని బట్టే ఏ చేప ఏదో పరిశోధకులు గుర్తుపడతారట. తోక ఒకసారి నింపాదిగా కదిలింది, అంతే, మేం ఎంత ఈదినా అందలేదు. నేను స్నార్కెల్ గొట్టంలోంచి ఊపిరి తీసుకోవడం మర్చిపోయి ఉప్పునీళ్ళు మింగాను. మా ఆయన నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో తెలీదు గాని, పైకొచ్చేసరికి మణికట్టు మీద వేళ్ళ గుర్తులున్నాయి.

నచ్చనిది కూడా చెప్పాలి. అదే చేప వెంట మాతో పాటు ఇంకో ఆరు పడవలున్నాయి. శరీరానికి 3 మీటర్లు, తోకకి 4 మీటర్లు దూరం ఉండాలన్న నియమాన్ని చాలామంది పట్టించుకోలేదు. ఈ నియమాలు ముందే చెప్పే పడవని ఎంచుకోండి, వంద రుఫియాలు (అక్కడి డబ్బు) ఎక్కువైనా సరే.

గెస్ట్‌హౌస్ దీవుల్లో మద్యం దొరకదు. డ్యూటీ ఫ్రీలో కొని తెచ్చినా ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పెట్టి, తిరిగి వెళ్ళేటప్పుడు ఇస్తారు. ఈత దుస్తులు టూరిస్టులకి కేటాయించిన బీచ్‌లోనే, వీధుల్లో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. రంజాన్ నెలలో పగలు ఊళ్ళో తిండి హోటళ్ళు చాలావరకు మూసి ఉంటాయి, తేదీ చూసుకోండి. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, గాలులు. రేట్లు తగ్గుతాయి గాని స్పీడ్‌బోట్ ప్రయాణం కడుపులో దేవేస్తుంది. వీసా దిగాక ఉచితంగానే ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు 'ఇముగా' అనే ఆన్‌లైన్ ప్రయాణికుల ఫారం నింపాలి, అదీ ఉచితమే. నెట్‌లో వెతికితే దానికి డబ్బులడిగే సైట్లు మొదట్లోనే కనిపిస్తాయి, వాటి వలలో పడకండి.

ఇక ఆ ఆఖరి రాత్రి. నీళ్ళ మీద విల్లా. ధిగురా నుంచి ఉదయమే బయల్దేరి, ఎయిర్‌పోర్టు జెట్టీలోనే రిసార్ట్ వాళ్ళ పడవ ఎక్కి, పదకొండింటికల్లా చేరాం. గది రెండు గంటలకి ఇచ్చారు గాని బీచ్, స్విమ్మింగ్ పూల్ అప్పటి నుంచే వాడుకోనిచ్చారు. మర్నాడు ఖాళీ చేశాక కూడా పడవ టైము దాకా ఉండనిచ్చారు. ఒక్క రాత్రి డబ్బుకి దాదాపు రెండు పగళ్ళు దక్కాయి. ఇలా చేసేవాళ్ళు ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. గదిలోంచి మెట్లు దిగితే నేరుగా నీళ్ళు. రాత్రి మెట్ల కింద లైటు వేస్తే చిన్న సొరచేప పిల్లలు వచ్చి తిరుగుతున్నాయి. బావుంది, కాదనను. కానీ ఆ ఒక్క రాత్రి బిల్లు, ధిగురాలో మూడు రాత్రుల గది, తిండి, ట్రిప్పులు, పడవ అన్నీ కలిపినంత అయింది. రెండు నీళ్ళ సీసాలకి వేసిన రేటు చూసి నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మళ్ళీ వెళితే మాఫుషీ వదిలేసి ధిగురాలో ఐదు రాత్రులు ఉంటాం, విమానం మాత్రం శుక్రవారం కాకుండా చూసుకుంటాం. ఇంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. విల్లా ఉండాల్సిందే అని మా ఆయన, ఆ డబ్బుతో ధిగురాలోనే ఇంకో మూడు రాత్రులు అని నేను. ఇంకా తేలలేదు.