కూలెంట్ డబ్బా మెడదాకా నిండి ఉంటే ఆ పాత కారు కొనేముందు ఆగండి

మే నెలాఖరులో, రోహిణి కార్తె ఎండల్లో, హైవే పక్కనున్న ఒక పాత కార్ల యార్డులో 2014 మోడల్ డీజిల్ కారు కొన్నాను. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారిని నెలకోసారి రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, బస్సులో ఆయన కూర్చోలేకపోతున్నారు. టైర్లు, కాగితాలు, సీట్ల కింద తుప్పు అన్నీ చూశాను. బానెట్ ఎత్తితే కూలెంట్ (ఇంజన్ వేడెక్కకుండా చూసే ద్రవం) డబ్బాలో పచ్చటి ద్రవం మ్యాక్స్ గీత దాటి మూత అంచుదాకా ఉంది. "ఫుల్ చేయించామండి, రెండేళ్లు ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు యార్డు అతను. బండిని బాగా చూసుకున్నారని సంతోషపడ్డాను. మోసపోయింది అక్కడే.

మర్నాడు పొద్దున్న వాకిట్లో కారు కింద తడి కనిపించింది. ఫోన్ చేశాను. "కొంచెం ఎక్కువ పోశాం కదండి, వేడికి పొంగి బయటికి వచ్చేస్తది, కంగారు పడకండి" అన్నాడు. విడిగా చూస్తే ఆ మాట నిజమే. కూలెంట్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, దానికోసమే డబ్బాలో పైభాగం ఖాళీగా వదులుతారు. చాలా కార్లలో మిన్, మ్యాక్స్ గీతలు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసుకోవడానికి పెట్టినవి. గీత మీద ఒక వేలి మందం ఎక్కువైతే పెద్దగా భయం లేదు, ఒకటి రెండు ప్రయాణాల్లో ఎక్కువైంది ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పోయి సర్దుకుంటుంది. మెడదాకా పోస్తే అలా కాదు. కొన్ని కార్లలో ఆ డబ్బా కూడా ఒత్తిడిలోనే ఉంటుంది. లోపల గాలికి చోటు లేకపోతే ఒత్తిడంతా మూత మీద, గొట్టాల మీద, అతుకుల మీద పడుతుంది. పొంగింది బెల్టు మీదా వైర్ల కనెక్టర్ల మీదా పడితే అదొక కొత్త తలనొప్పి.

ఎక్కువైంది పోయాక కారడం ఆగాలి. మా కారుకి ఆగలేదు. మూడో రోజు తడి చూసి ఇంకా పొంగుతోంది కాబోలు అనుకున్నాను. అయిదో రోజు మళ్లీ ఫోన్ చేస్తే "ఏసీ నీళ్లండి" అన్నాడు, నమ్మాను. వారం తిరిగేసరికి ద్రవం సరిగ్గా మ్యాక్స్ గీత దగ్గరికి దిగింది. హమ్మయ్య, ఇప్పుడు సరిపోయింది అనుకున్నాను. నిజానికి అది కారుతూ కారుతూ ఆ గీత దాకా వచ్చింది, అక్కడ ఆగే ఉద్దేశం దానికి లేదు. డబ్బా సరైన మట్టంలో ఉండి ఉంటే రెండో రోజుకే తేడా తెలిసిపోయేది. మెడదాకా నింపడం వల్ల నాకు పది రోజులు తెలియలేదు. నేల మీద పడ్డ ప్రతి చుక్కకీ ఒక సాకు దొరికింది.

ఆ ఆదివారం అంతర్వేది బయల్దేరాం. నరసాపురం రేవులో పంటు (కార్లని గోదావరి దాటించే పడవ) కోసం లైనులో ఆగాం. నాన్నగారికి ఉక్కపోస్తుందని ఇంజన్ ఆపకుండా ఏసీ వేసే ఉంచాను. ఇరవై నిమిషాలయ్యేసరికి ఎప్పుడూ సగంలో ఉండే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఇంజన్ ఆపేసి అందరినీ దించాను. సాయానికి వచ్చిన ఒకాయన తువ్వాలు చుట్టి డబ్బా మూత తిప్పబోయారు, నేనే నీళ్ల సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాను. వెనకున్న ఆటో అతను పరిగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "మూత ముట్టుకోకండి బాబూ, మొహం కాలిపోద్ది!" అని అరిచాడు. ఆ ఆటో అతని పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంది.

నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపిన ద్రవం మామూలు ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఒత్తిడిలో ఉంటే 120 దాటినా మరగదు. అలాంటప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలిదంతా మరుగుతూ పైకి చిమ్ముతుంది. ఇంజన్ వేడిగా ఉండగా ఆ డబ్బా మూత ఎంతటి అవసరమైనా తీయకండి.

సాయంత్రానికి కారుని పాలకొల్లు లాక్కొచ్చాం. బాగా చల్లారాక మెకానిక్ డబ్బాకి మీటరున్న చిన్న గాలి పంపు బిగించి గాలి కొట్టాడు. మీటరు ముల్లు నిలవకుండా మెల్లగా కిందికి దిగిపోయింది. కింద దూరి చూస్తే వాటర్ పంపు దగ్గర కారుతోంది. ఆ పంపు అడుగున చిన్న కన్నం ఉంటుంది, లోపలి సీలు పోతే అక్కణ్ణుంచే బయటికి వస్తుంది. కన్నం చుట్టూ కూలెంట్ ఎండిపోయి తెల్లటి పెచ్చులా పేరుకుని ఉంది. "ఇది పది రోజుల పని కాదండి, నెలలనాటిది" అన్నాడు. డబ్బాలోది ఒక గాజు సీసాలోకి తీసి వెలుతురులో పెడితే అడుగున తుప్పు మడ్డి. రంగు కోసం కాస్త కూలెంట్ కలిపిన బోరు నీళ్లే అయి ఉంటాయన్నాడు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మనకి తెలుసు, ఆ ఉప్పు అల్యూమినియం భాగాలని తినేస్తుంది. పంపు మార్చి, లోపలంతా కడిగి, కొత్త కూలెంట్ పోసేసరికి 11,200 రూపాయలయ్యాయి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోలేదు, అంతవరకు అదృష్టం.

యార్డు అతన్ని అడిగితే, "ఇచ్చేటప్పుడు డబ్బా ఫుల్‌గా ఉందండి, ఫోటో కూడా ఉంది మా దగ్గర" అన్నాడు. ఆ నిండు డబ్బానే సాక్ష్యంగా చూపించాడు. పైసా తిరిగి రాలేదు.

అందుకని కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. కూలెంట్ మ్యాక్స్ గీత దాటి ఉంటే మీ ఎదుటే తీయించండి. ఇది చాలా చిన్న పని. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి, ఒక సెలైన్ గొట్టం కొని, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, రెండు గీతల మధ్యకి దిగేదాకా లాగితే చాలు. నోటితో మాత్రం పీల్చకండి. కూలెంట్‌లో ఎక్కువగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలూ పిల్లులూ దాన్ని నాకి చచ్చిపోతాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి, పిల్లలుంటారు. కాలువలోనో చెరువు గట్టునో పారబోయకండి, మన ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువలతోనే. పేరు రాసిన డబ్బాలో పెట్టి మెకానిక్‌కి ఇచ్చేయండి.

తీశాక మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఇరవై ముప్పై కిలోమీటర్లు నడపండి. కొంతసేపు ఏసీ వేసి ఒకచోట ఆపి ఉంచండి, రేవులో నాకు జరిగింది అప్పుడే బయటపడుతుంది. కారు కింద అట్టముక్క వేసి, మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ మీద మళ్లీ చూడండి. ఏసీ నీళ్లయితే రంగూ వాసనా ఉండవు. కూలెంటయితే వేళ్లకి జిడ్డుగా అంటుతుంది, తియ్యటి వాసన వస్తుంది. మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. ఎవరూ పోయకుండా పెరిగినా, డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నా, నూనె తెట్టు తేలుతున్నా హెడ్ గ్యాస్కెట్ అనుమానం, ఆ కారు వదిలేయండి. రంగు చూసి కూలెంట్ రకం నిర్ణయించకండి, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. కారు పుస్తకంలో రాసిన రకమే పోయించండి, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపండి.

అమ్మేవాళ్లు ఒక్క రాత్రి ఆగనివ్వకపోతే అడ్వాన్సు ఇవ్వకండి. పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఎవరైనా ఈ నెలలో కారు చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి. ఆదివారాలు నాకు ఖాళీయే, సిరంజీ గొట్టమూ తీసుకుని నేనూ వస్తాను.